పక్కింటామె వేషం

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఆఫీసులో ఒకే వరుసలో కూర్చునే ముగ్గురం కలిసి జూబ్లీహిల్స్‌లో జరిగిన ఒక హ్యాకథాన్‌కి పేర్లిచ్చాం. శనివారం పొద్దున తొమ్మిదికి మొదలు, ఆదివారం సాయంత్రానికి ముగింపు. ఆలోపు ఒక వెబ్ యాప్ ఆలోచించి, రాసి, అందరి ముందూ నడిపి చూపించాలి. ఊళ్ళో ఎక్కడ చూసినా కొత్త కంపెనీల బోర్డులు లేస్తున్న కాలం అది. మాదాపూర్ బస్సులో పక్కన నిలబడ్డవాళ్ళు కూడా తమ దగ్గర ఒక ఐడియా ఉందని మాట్లాడుకునేవారు.

మా ముగ్గురిలో ఒకతను బెజవాడ నుంచి వచ్చినవాడు. సర్వర్ పనంతా అతనిది. మాట నెమ్మది, వేళ్ళు వేగం. రెండో ఆమె శ్రీనగర్ కాలనీలో పుట్టి పెరిగింది. తెర మీద ఏది ఎక్కడుండాలి, ఏ రంగులో ఉండాలి అన్నది ఆమె చూసేది. ఆమె నోటికి అడ్డు లేదనుకునేదాన్ని. అవసరమైతే ఒక మాటని ఏళ్ళ తరబడి కడుపులో పెట్టుకోగలదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మూడోదాన్ని నేను. వాళ్ళిద్దరి పనికీ మధ్య అతుకు వేసే కోడు నాది.

నేను సినిమా పనివాళ్ళుండే కృష్ణానగర్‌లో పుట్టాను. ఆ సంగతి వాళ్ళకి చెప్పలేదు. యూసుఫ్‌గూడలో ఉంటామనేదాన్ని. అది సగం అబద్ధం, ఒక వీధి అటూ ఇటూ. అమ్మ ఏం చేస్తుందని అడిగితే ఇంట్లోనే ఉంటుందనేదాన్ని. అది నిండు అబద్ధం.

మా అమ్మ జూనియర్ ఆర్టిస్ట్. పాతికేళ్ళుగా సినిమాల్లో గుంపులో నిలబడింది. నడవమంటే నడిచేది, ఏడవమంటే ఏడ్చేది, అక్షింతలు వెయ్యమంటే వేసేది. మా ఇంట్లో చీరలు మూడు కట్టలుగా ఉండేవి: పెళ్ళి చీరలు, చావు చీరలు, సంత చీరలు. మా బంధువుల పెళ్ళిళ్ళకీ చావులకీ కాదు, సీన్లకి. నాన్న సెట్టింగులు వేసే వడ్రంగి. నా తొమ్మిదో ఏట జబ్బు చేసి పోయాడు. ఆ తర్వాత నా చదువంతా ఆ మూడు కట్టల మీదే నడిచింది.

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో క్యాంటీన్‌లో ఏదో సినిమా గురించి మాట వచ్చింది. "హీరో వెనకాల నిలబెట్టే ఆ దిష్టిబొమ్మల్ని ఎక్కణ్ణుంచి పట్టుకొస్తారో!" అన్నాడు ఎవరో. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఒకసారి నవ్వాక ఇక చెప్పే దారి మూసుకుపోయింది.

పోటీ పెట్టిన చోటు ఒక పాత బంగళా. ముందు తోట, నీళ్ళు లేని ఫౌంటెన్, లోపల మేడమీదికి వంపు తిరిగి వెళ్ళే మెట్లు. ఒకప్పుడు షూటింగులకి కిరాయికిచ్చేవాళ్ళట. ఇప్పుడు కొత్తగా కంపెనీలు పెట్టుకునేవాళ్ళకి బల్లలు అద్దెకిస్తున్నారు. ఇరవై జట్లు వచ్చాయి. హాలు నిండా వైర్లు, కుర్చీలు, అప్పుడప్పుడే పరిచయమైనవాళ్ళ పెద్ద పెద్ద నవ్వులు.

భోజనాల వేళకి మా రెండు ఐడియాలు చచ్చాయి. బండి నిలిపే చోటు చూపించే యాప్ పక్క జట్టు వాళ్ళు అప్పటికే మొదలుపెట్టారు. వంటల యాప్ మాకే విసుగు పుట్టించింది. ముగ్గురం ఫౌంటెన్ గట్టు మీద కూర్చుని పులిహోర తింటున్నాం. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది.

"మా పక్కింటామె ఒకామె ఉంది. జూనియర్ ఆర్టిస్ట్."

ఇద్దరూ నా వైపు చూశారు. ఆగలేక చెప్పుకుంటూ పోయాను. రేపు పని ఉందో లేదో ఆమెకి ఈరోజు చీకటిపడేదాకా తెలియదని, సినిమాలకి మనుషుల్ని పంపే కోఆర్డినేటర్ ఫోన్ చేసినప్పుడు ఈమె ఫోన్ కలవకపోతే ఆ పని ఇంకొకరికి వెళ్ళిపోతుందని, ఫోన్ రాకపోయినా తెల్లారకముందే తయారై షూటింగ్ బస్సు దగ్గరికి వెళ్తుందని, లెక్క నిండితే చీర సంచీతో వెనక్కి వస్తుందని. చెప్తున్నంతసేపూ నాకు మా అమ్మ చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. తలుపు చప్పుడవకుండా తీసి, నేను నిద్రలేస్తానేమోనని మెట్టు మీద చెప్పులు చేత్తో పట్టుకుని, వీధిలోకి వెళ్ళాక వేసుకునేది.

"గిది మంచిగుందే. ఇంకెవ్వరికీ తట్టదు" అంది శ్రీనగర్ కాలనీ స్నేహితురాలు.

బెజవాడ అతను తినడం ఆపేశాడు. "కోఆర్డినేటర్‌కి ఒక వెబ్ పేజీ. ఎంతమంది కావాలి, ఏ సీను, ఏ చీర, బస్సు ఎన్నింటికి. ఒక్క బటన్ నొక్కితే అందరికీ మెసేజ్ వెళ్తుంది. వస్తానన్నవాళ్ళ లెక్క తెర మీద తగ్గుతూ ఉంటుంది" అన్నాడు. ఒక్క నిమిషం ఆలోచించి, "కానీ ఆవిణ్ణి ఒకసారి కలవాలి. మనం ఊహించుకుని రాస్తే కుదరదు. రేపు పొద్దున వెళ్దామా మీ ఇంటివైపు?" అని అడిగాడు.

"ఎందుకులే, నేను అడిగి చెప్తా" అన్నాను.

"నువ్వు చెప్తే నీ మాటైతది గని ఆమె మాటెట్లయితదే?" అంది స్నేహితురాలు.

సరే, పొద్దున వెళ్దామన్నాను.

సాయంత్రం షూటింగ్ నుంచి అమ్మ ఇంటికి వచ్చే వేళ చూసి, తోటలో ఒక మూలకి వెళ్ళి ఫోన్ చేశాను.

"అమ్మా, రేపు పొద్దున నా దోస్తులు ఇద్దరు మనింటికి వస్తరు."

"రానీ బిడ్డా, ఉప్మా చేస్తా. ఏమైంది, గొంతు గట్లుంది?"

"నేను వాళ్ళకు ఒక మాట చెప్పిన. నువ్వు మా పక్కింటామెవని."

 వెనకాల కుక్కర్ కూత వినబడింది. అది ఆగేదాకా ఆగి, "అంటే నేను నీకు ఏం కాను" అంది. అందులో కోపం లేదు. సీను వివరం సరిగ్గా అర్థమైందో లేదో చూసుకుంటున్నట్టు అంది.

"గంట సేపేనమ్మా."

"మరి నువ్వేడ ఉంటవు?"

"పక్క వాటాల."

"సరే" అంది. తర్వాత, "ఏ చీర కట్టుకోవాలె?" అని అడిగింది.

కోఆర్డినేటర్లని అడిగినట్టే అడిగింది. ఏదో ఒక మామూలు చీర అన్నాను. "మామూలు పక్కింటామె. సమజైంది" అని తనే ముందు ఫోన్ పెట్టేసింది. ఆ తోటలో ఎంతసేపు నిలబడ్డానో నాకు గుర్తులేదు. లోపల్నుంచి వాళ్ళిద్దరూ నన్ను పిలుస్తున్నారు. ఏదో పనిచేయడం మొదలైందని కేకలు. వెళ్ళాను. ఆ సాయంత్రం అంత బాగా మళ్ళీ ఎప్పుడూ పనిచేయలేదు. అతను ఒక ముక్క రాస్తే నేను దాన్ని అందుకునేదాన్ని, నేను అతికించేలోపు ఆమె దానికి రంగూ రూపూ తెచ్చేది. ఒకరి మాట పూర్తి కాకముందే ఇంకొకరికి అర్థమయ్యేది. నాకు స్నేహితులు ఉన్నారని ఒళ్ళంతా తెలిసిన రోజు అది. ఆ రోజే వాళ్ళకి అబద్ధం చెప్పి కూర్చున్నాను.

రాత్రి బంగళాలోనే గడిపి, ఆదివారం పొద్దున ఎనిమిదికి ముగ్గురం కొండ దిగి నడుచుకుంటూ వెళ్ళాం. సందులోకి తిరగ్గానే, "గిది కృష్ణానగర్ గదనే?" అంది స్నేహితురాలు.

"బోర్డర్" అన్నాను.

అమ్మ తలుపు తీసే ఉంచింది. లేత నీలం నేత చీర కట్టుకుంది. ఎప్పుడూ వేసుకునే జడ బదులు ముడి వేసుకుంది. నడకలో కూడా ఏదో మార్చింది, కాస్త బరువుగా, మోకాళ్ళ నొప్పులున్న మనిషిలా.

"రండమ్మా, రండి బాబూ, కూర్చోండి. ఏవమ్మాయ్, వీళ్ళేనా మీ ఫ్రెండ్స్?" అని నన్ను అడిగింది.

మా అమ్మ నల్గొండ మనిషి. ఇంట్లో ఎప్పుడూ ఈ సినిమా మాట మాట్లాడలేదు. కానీ పాతికేళ్ళు హీరోయిన్ల తల్లుల వెనకాల నిలబడి వాళ్ళ మాటలు విన్నది. ఎక్కడా తడబడలేదు. నేను గోడ వైపు చూశాను. రోజూ అక్కడుండే నా డిగ్రీ పట్టా ఫోటో లేదు. మేకు, దాని కింద ఫోటో ఉన్న మేర వెలిసిపోని సున్నం మాత్రం ఉన్నాయి.

"మీ ఇల్లేదే?" అని స్నేహితురాలు నన్ను అడిగింది.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "ఆ పక్క వాటానమ్మా. వాళ్ళమ్మగారు ఊరెళ్ళారు. తాళం వేసుంది."

వాళ్ళిద్దరికీ గాజు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చింది. నాకు మాత్రం నా చెంబు ఇచ్చింది. చిన్నప్పట్నుంచి నేను నీళ్ళు తాగే చెంబు, పక్కన సొట్ట పడింది. అలవాటుగా చేతికిచ్చేసింది. ఇచ్చాక ఇద్దరం ఒక్క క్షణం ఒకరినొకరం చూసుకున్నాం. స్నేహితురాలు నీళ్ళు తాగుతూ గ్లాసు మీదుగా చెంబును చూసింది, గోడ మీది మేకును చూసి గ్లాసు కింద పెట్టింది.

బెజవాడ అతను ల్యాప్‌టాప్ తెరిచి, అమ్మ ఫోన్‌కి ఒక మెసేజ్ పంపాడు. అమ్మ ఫోన్ దూరంగా పెట్టి చూసి నవ్వింది.

"ఇంగ్లీషు చదవడం రాదండీ నాకు."

"తెలుగులో పంపిస్తామండీ."

"ఈ ఫోన్లో తెలుగొస్తే డబ్బాలు డబ్బాలుగా కనపడుతుంది బాబూ. మాలో చాలామందివి ఇవే ఫోన్లు. కొంతమందికి తెలుగు కూడా రాదు."

"మరి ఎలా అయితే బాగుంటుందంటారు?"

"మనిషి చెప్పినట్టు చెప్పాలి. ఫోన్ మోగాలి, ఎత్తితే మాట వినపడాలి." అక్కడితో ఆగలేదు. "ఇంకోటండీ. రాలేము అని చెప్పే వీలు కూడా ఉండాలి. ఒంట్లో బాగోలేక ఒక్కసారి రానంటే, ఆ తర్వాత నెల రోజులు పిలవరు. అందుకని జ్వరంతో కూడా వెళ్తాం. మిషనైతే కోపం ఉండదు కదా."

అతను అది నోటుపుస్తకంలో రాసుకున్నాడు. నేను చెంబు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. జ్వరంతో వెళ్ళిన రోజులు ఏవేవో నాకు తెలియదు. ఎండకి మొహం అలా అయిందనేది. నేను నమ్మేదాన్ని.

పోటీ పెట్టినవాళ్ళు మాకు ఫోన్ కాల్స్ పంపే సర్వీసు ఒకటి వాడుకోవడానికి ఇచ్చారు. గొంతు రికార్డు చేస్తే చాలు. "ఆంటీ, మీరే చెప్పుండ్రి. మీ గొంతు మంచిగుంది" అంది స్నేహితురాలు.

అమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను.

వంటగదిలోకి వెళ్ళాం, అక్కడైతే వీధి చప్పుడు తక్కువని. ఫ్యాన్ ఆపేశాం. నలుగురం గోడలకి ఆనుకుని నిలబడితే ఇంక చోటు లేదు. అతను ఫోన్ పట్టుకున్నాడు. ఎంత దూరంలో నిలబడాలని అమ్మ అడిగింది. నిలబడాల్సిన చోట గచ్చు మీద సుద్దముక్కతో గీత గీసుకుంది. షూటింగుల్లో అలాగే గీస్తారు, వేరేవాళ్ళ కోసం.

"మీ మాటలో చెప్పమంటారా, సినిమా మాటలో చెప్పమంటారా?" అని అడిగింది.

"నీ మాటల్నే చెప్పు" అని నా నోటివెంట వచ్చేసింది. తర్వాత సర్దుకుని, "మీ మాటలోనే చెప్పండి ఆంటీ" అన్నాను.

మా అమ్మని నేను ఆంటీ అన్నాను. ఆమె కళ్ళు ఒకసారి కిందికి వాలి మళ్ళీ లేచాయి. అంతే.

మొదటిసారి మరీ గట్టిగా చెప్పింది. రెండోసారి నవ్వొచ్చింది. ఆరోసారికో ఏడోసారికో కుదిరింది.

"నమస్తే అమ్మా. రేపు పెండ్లి సీనున్నది. పొద్దుగాల అయిదు గంటలకు బస్సు. పట్టుచీర తెచ్చుకోండ్రి. వచ్చేటోళ్ళు ఒకటి నొక్కుండ్రి. రానోళ్ళు రెండు నొక్కుండ్రి. ఏం ఫికర్ లేదు."

ఆ చివరి మాట మేం రాసివ్వలేదు. తనే కలిపింది. ఊపిరి బిగబట్టి విన్నవాళ్ళం ముగ్గురం ఒక్కసారి చప్పట్లు కొట్టాం. చెమటతో జాకెట్టు తడిసిపోయి, మొహం వెలిగిపోతూ, "ఇంకో టేక్ తీసుకుందామా? ఇంకా మంచిగ చెప్తా" అంది. సినిమా మాట మర్చిపోయింది. బెజవాడ అతను గమనించలేదు. పాతికేళ్ళలో ఆమెకి మైకు ముందు దొరికిన మొదటి మాటలు అవి.

వెళ్ళేటప్పుడు అతను, "సాయంత్రం మీరు తప్పకుండా రావాలండీ. మీ ఐడియాలే కదా అన్నీ" అని పిలిచాడు.

మూడింటికి ఆమె వచ్చింది. పెళ్ళి చీరల్లోంచి మెరూన్ పట్టుచీర తీసి కట్టుకుని, పూలు పెట్టుకుని, హాల్లో చిట్టచివరి వరుసలో తలుపు పక్కన కూర్చుంది. మా వంతు వచ్చింది. స్నేహితురాలు పేజీ చూపించింది. బెజవాడ అతను లోపల ఏం జరుగుతుందో చెప్పాడు. మైకు నాకిచ్చారు. తెర మీద 'కావలసినవారు: ఇరవై' అని ఉంది. నేను బటన్ నొక్కాను.

మూడు నాలుగు క్షణాలు ఏమీ జరగలేదు.  అప్పుడు వెనక వరుసలో ఫోన్ మోగింది. హాలంతా వెనక్కి తిరిగింది. అమ్మ లేచి నిలబడి, తొందరపడకుండా స్పీకర్ పెట్టి, ఫోన్‌ని పైకెత్తి పట్టుకుంది. ఆమె గొంతు హాలంతా వినబడింది. ఏం ఫికర్ లేదు అని పూర్తయ్యాక, అందరికీ కనపడేలా వేలెత్తి ఒకటి నొక్కింది. తెర మీద ఇరవై పోయి పంతొమ్మిది వచ్చింది.

చప్పట్లు చాలాసేపు ఆగలేదు. నిర్ణేతల్లో ఒక పెద్దాయన ఆమెని ముందుకి పిలిచాడు.

"ఆ గొంతు మీదేనామ్మా?"

"నాదేనండీ."

"చాలా బాగుంది. మీకు పిల్లలెంతమంది?"

"ఒక్కతే బిడ్డ సార్. సాఫ్ట్‌వేర్‌ల చేస్తది." వెంటనే దిద్దుకుంది. "చేస్తుందండీ."

"ఓహో! ఏ కంపెనీ?"

"పేరు నోరు తిరగదండీ" అంది. అందరూ నవ్వారు. ఆ పేరు నిద్రలో లేపి అడిగినా ఆమె చెప్పగలదు. వీధిలో కూరగాయలమ్మే ఆవిడకి కూడా నేర్పింది.

నేను ఆమెకి రెండు బారల దూరంలో నిలబడ్డాను. మైకు నా చేతిలోనే ఉంది. ఆమె బిడ్డని నేనే అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం వచ్చి నా ముందు నిలబడింది, ఎదురుచూసింది కూడా.  నేను గొంతు సవరించుకుని, "తర్వాతి స్లైడ్" అన్నాను.

మాకు మూడో బహుమతి వచ్చింది. ముగ్గురం ఒకరినొకరం పట్టుకుని గెంతాం. ఫోటోలు తీసుకున్నాం. వాళ్ళిద్దరూ వెళ్ళిపోయాక, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర నాకోసం ఆగిన అమ్మని కలుసుకుని ఇద్దరం కిందికి నడిచాం. ఇంకా వెలుగుంది.

"ఎట్ల చేసిన?" అని అడిగింది.

"మస్తు చేసినవమ్మా."

"ఆ ఇంట్ల నాలుగు పెండ్లిళ్ళు చేసిన. గా మెట్ల మీద అక్షింతలు పట్టుకొని ఎన్ని గంటలు నిలబడ్డనో. ముందు గేటుకెళ్ళి లోపలికి పోవుడు మాత్రం ఇయ్యాలనే." కొంత దూరం సంతోషంగానే నడిచింది. జడ్జి మంచోడంది, నా దోస్తులు మంచోళ్ళంది, ఆ ఆడపిల్ల కండ్లు శానా చురుకంది. మా సందు మొదట్లోకి వచ్చాక ఆగింది.

"మొదటిసారి డైలాగున్న వేషం ఇచ్చినవు బిడ్డా. నేను మర్చిపోను. గని గా పక్కింటామె వేషం మాత్రం మల్ల నాకియ్యకు."

"ఇయ్యనమ్మా" అన్నాను. ఇంకేదో అనాలని చూశాను. అప్పటికే ఆమె తాళంచెవి తీసి గేటు తెరుస్తోంది. ఇంట్లోకి వెళ్ళగానే బియ్యం డబ్బా వెనకాల దాచిన నా ఫోటో తీసి, కొంగుతో తుడిచి, మేకుకి తగిలించింది.

తర్వాత మూడు నెలలు ప్రతి ఆదివారం మేం ముగ్గురం ఆ యాప్ పట్టుకుని కోఆర్డినేటర్ల చుట్టూ తిరిగాం. ఒకాయన ముచ్చటపడ్డాడు, రెండుసార్లు వాడాడు. మిగతావాళ్ళు వినలేదు. "ఎవరిని పిలవాలో నాకు తెలుసు కదమ్మా, మధ్యలో మిషనెందుకు?" అన్నాడు ఒకాయన, నవ్వుతూనే. ఎవరిని పిలవాలి, ఎవరిని వదిలెయ్యాలి అన్న పట్టే ఆయన చేతిలో ఉన్నది. దాన్ని మేం అడుగుతున్నామని మాకు అప్పుడు తెలియలేదు. వానలు మొదలయ్యేసరికి మేం తిరగడం మానేశాం. అమ్మ మాత్రం చాన్నాళ్ళు, "మీ ఫోన్ నడుస్తున్నదా?" అని అడిగేది. నడుస్తున్నదనేదాన్ని. ఇదింకో అబద్ధం.

బెజవాడ అతను బెంగళూరు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. నేను వేరే కంపెనీకి మారాను. స్నేహితురాలికీ నాకూ మధ్య ఏ గొడవా లేదు. మొదట వారానికోసారి, తర్వాత పండగలకి, ఆ తర్వాత పుట్టినరోజులకి ఫోన్లు. వాళ్ళకి నిజం చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇంటికి భోజనానికి పిలిచి, అమ్మ వడ్డిస్తుండగా చెప్పాలని ఒక ఊహ ఉండేది. ఏం వండాలో కూడా ఊహలో సిద్ధంగా ఉండేది. రోజు మాత్రం కుదిరేది కాదు. కుదరనిచ్చేదాన్ని కాదు.

ఆరేళ్ళ తర్వాత అమ్మ పోయింది. కిడ్నీలు. ఆసుపత్రిలో పదిహేడు రోజులు. ఎవరికీ ప్రత్యేకంగా చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం గేటు దగ్గర స్నేహితురాలు కనిపించింది. ఎవరో చెప్పగా విన్నదట. దారి అడగకుండా నేరుగా వచ్చింది. నా పక్కన గచ్చు మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"నీకు తెలుసా?" అని అడిగాను.

"ఆ చెంబు చూసినప్పుడే తెలిసిందే."

"మరి ఎన్నడూ అడగలేదేమే?"

"నువ్వే చెప్తవని చూసిన. శానా రోజులు చూసిన. అడిగితే నువ్వు నాకు దూరమైతవేమోనని భయమైంది" అంది.

అడగకపోయినా దూరమయ్యాం. ఆ మాట ఇద్దరం అనలేదు. ఆమె భుజం మీద తల పెట్టుకుని, చెప్పని ఆరేళ్ళకీ కలిపి ఏడ్చాను.

అప్పుడే ఆ గొంతు గుర్తొచ్చింది. నా దగ్గర అమ్మ ఫోటోలున్నాయి. గుంపులో ఎక్కడో అరక్షణం మెరిసే సినిమాలున్నాయి. మాట మాత్రం ఎక్కడా లేదు. స్నేహితురాలు తన పాత డిస్కులన్నీ వెతికింది. బెజవాడ అతనికి ఫోన్ చేసి నిజం చెప్పాను. "ఆవిడ మీ అమ్మగారా?" అని మెల్లగా ఒక్కమాట అడిగి, రెండు రోజులు వెతికి మళ్ళీ ఫోన్ చేశాడు. కోడ్ మొత్తం దొరికిందన్నాడు, ఒక్క వాక్యం పోకుండా. గొంతు ఫైల్ ఆ కాల్స్ సర్వీసులోనే ఉండేదట. వాడకం లేని ఖాతా అని వాళ్ళు ఎప్పుడో తీసేశారు. రికార్డు చేసిన ఫోన్ మార్చేసి ఏళ్ళయింది. "కాపీ ఒకటి పెట్టుకోవాల్సింది" అన్నాడు.  అతని తప్పు ఏముంది. ఆ గొంతు రోజూ ఇంట్లో వినబడుతున్న దినాల్లో దానికి కాపీ కావాలని కూతురికే తోచలేదు.

దినాలకి అమ్మతో పనిచేసినవాళ్ళని పిలవాలని, ఒకరోజు తెల్లవారుతుండగా బస్సు ఆగే చోటుకి వెళ్ళాను. పుట్టి పెరిగింది ఆ వీధుల్లోనే అయినా అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి. ముప్ఫై మంది దాకా ఆడవాళ్ళు సంచులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరి బిడ్డనో చెప్పుకుందామని గొంతు సవరించుకున్నాను. అవసరం పడలేదు.

"వచ్చినవా బిడ్డా" అంటూ ఒక పెద్దామె వచ్చి నా గడ్డం పట్టుకుంది. మిగతావాళ్ళు చుట్టూ చేరారు. వాళ్ళకి నా గురించి అంతా తెలుసు. ఏ కంపెనీలోంచి ఏ కంపెనీకి మారానో తెలుసు. నా మొదటి మేనేజరు నన్ను ఏడిపించాడని తెలుసు. చాయ తాగితే నాకు కడుపులో మంట అని తెలుసు. పోయినేడాది నాకొచ్చిన ప్రమోషన్‌కి అమ్మ ఈ బస్సులోనే లడ్డూలు పంచిందట. రోజూ షూటింగ్‌కి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆమె మాటలన్నీ నా గురించేనట. దాచుకోవాలని ఆమెకి ఒక్కనాడూ అనిపించలేదు.

"నువ్వు చేసిన ఫోన్ల మీ అమ్మ మాట్లాడిందంట గద" అంది ఇంకొకామె. "అందరు లేసి నిలబడి చప్పట్లు కొట్టిండ్రంట. బస్సుల ఎన్నిసార్లు చెప్పిందో! జర మాకు వినిపించు బిడ్డా."

అందరూ నా చేతిలోని ఫోన్ వైపు చూశారు.

"నా దగ్గర లేదు" అన్నాను.

వాళ్ళకి అర్థం కాలేదు. ఉండకపోవడం ఎలా సాధ్యమని మొహాలు చూసుకున్నారు. ఇంతలో బస్సు వచ్చింది. ఒకాయన దిగి వేలితో లెక్కపెడుతూ ఒక్కొక్కరినీ ఎక్కించాడు. గడ్డం పట్టుకున్న పెద్దామె కిటికీలోంచి తల బయటికి పెట్టి, "దినాలకు అందరం వస్తం, నువ్వు ధైర్యంగ ఉండు" అని కేకేసింది. బస్సు ఫిల్మ్‌నగర్ వైపు కదిలింది. లెక్కలో పట్టని అయిదారుగురు ఆడవాళ్ళు కాసేపు అక్కడే నిలబడి, సంచులు చంకన పెట్టుకుని ఇళ్ళవైపు తిరిగారు. వాళ్ళతో పాటు నేనూ నడిచాను. దారి పొడుగునా వాళ్ళు మా అమ్మ గురించి చెప్తూ ఉంటే, ఒక్క మాట పోకుండా విన్నాను.